కలములకు కఱ్ఱను మనమే గట్టిపఱచుకొనవలెనా?

మన సంఘ సభ్యులలో వ్యవసాయపు పనులు తీఱిన దినములయందు తరిణె పట్టి కఱ్ఱ కలములు చేయువారు కొందఱు గలరు. వారి సంఖ్య అల్పమే. అయినను వారి సరకు పెండ్లి కానుకలకును, పాఠశాలల బహుమతులకును, పట్టణములలోని అంగళ్లకును పోవుచున్నది. గత సమావేశమున ఒక యువ సభ్యుడు లేచి, కఱ్ఱను రెసినుతో నింపి గట్టిపఱచు సామగ్రి కొనుటకు తనకు అప్పు కావలెనని కోరెను. అప్పు ఇచ్చుటయో, మానుటయో పాలకవర్గమువారి విచారణకు సంబంధించినది. ఆ సామగ్రి నిజముగా అతనికి అవసరమా యను ప్రశ్న మాత్రము మన యందఱిదియు. ఏలన, కలములు అమ్ముడుపోకున్నచో ఆ అప్పు తీర్పవలసినది అతని రెండెకరముల పంటయే గదా.

ఈ విషయమున నా యభిప్రాయమును సభ్యులకు తెలుపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నేను పండితుడను గాను. పదేండ్లుగా చేతులు కాల్చుకొని నేర్చుకొన్నవాడను.

ముందుగా పని యెఱుగనివారి కొఱకు ఒక మాట. కలమునకు సుమారు ఐదంగుళముల పొడవు, ముప్పాతిక యంగుళపు చదరముగల కఱ్ఱముక్క కావలెను. దానిని రెండు తునుకలుగా కోసి, నడుమ బరమాతో బెజ్జము వేసి, ఆ బెజ్జములో పలుచని యిత్తడి గొట్టమును జిగురుతో అతికింతురు. ఆ పిమ్మట తరిణెపై ఉలితో గుండ్రముగా తీసి, గరుకు కాగితముతో నునుపు చేసి, పాళీ, మూత మొదలగు లోహపు భాగములను బిగింతురు. చివరకు ఇత్తడి గొట్టముపై నిలుచు కఱ్ఱ రెండు మూడు మిల్లీమీటర్ల మందము మాత్రమే. చిక్కంతయు ఇక్కడనే యున్నది. గాలిలోని తేమను బట్టి కఱ్ఱ ఉబ్బును, ముడుచుకొనును; ఇత్తడి తేమకు కదలదు. కఱ్ఱ ముడుచుకొన జూచినపుడు లోపలి గొట్టము చోటీయదు. అప్పుడు పలుచని కఱ్ఱకు పగులుట తప్ప వేఱు దారి లేదు.

ఇది నాకు పుస్తకములవలన తెలిసినది కాదు. 2014 అక్టోబరు 12వ తేదీని వచ్చిన హుద్ హుద్ తుపానున మా తోటలోని ముసలి మామిడి వేళ్లతో కూలెను. మొద్దులను గట్టున దొర్లించి మఱచితిమి. రెండు వర్షకాలములు గడచిన పిదప ఒకదానిని కోసి చూడగా, లోపల బూజు పాఱి, ఎవరో కాటుక పుల్లతో గీచినట్లు నల్లని గీతలు తేలి యుండెను. అంతటి యందమైన కఱ్ఱను నేను అంతకు ముందు చూచి యుండలేదు. తొందరపడి నలుబది కలములు చేసి, ఒక అంగడివానికి ఇచ్చితిని. మే నెలలో వానిలో పదునొకండు తిరిగి వచ్చినవి. కొన్ని నిలువున పగిలినవి. కొన్నిటియందు మెత్తని చోట్ల కఱ్ఱ పొడియై రాలినది. అంగడివాడు మంచివాడు గనుక ఏమియు అనలేదు గాని, మరల నా కలములు తీసికొనుటకు రెండేండ్లు పట్టినది. తప్పు నాది. కఱ్ఱ చూపునకు ఆఱియుండెను. తూచి చూచినవాడను గాను.

ఇట్టి మెత్తని, బూజు పాఱిన కఱ్ఱను పనికివచ్చునట్లు చేయుటకే గట్టిపఱచు పద్ధతి యేర్పడినది. దీనిని పనివారు స్టెబిలైజు చేయుట యందురు. పద్ధతి యిది. మొదట ముక్కలను 105 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఒక దినమంతయు ఉంచి, మరల మరల తూచి, బరువు తగ్గుట నిలిచిపోవువఱకు ఆఱబెట్టవలెను. ఆపైన గాలి తగులకుండ సంచిలో కట్టి చల్లార్పవలెను. వేడి ముక్కను ద్రవములో వేసినచో ద్రవము అక్కడనే గట్టిపడ నారంభించును. తెఱచి చల్లార్చినచో గాలిలోని తేమను మరల త్రాగును. చల్లాఱిన ముక్కలను మందపు పాత్రలో పేర్చి, పైకి తేలకుండ బరువు పెట్టి, అవి పూర్తిగా మునుగునట్లు రెసిను ద్రవమును పోసి, మూత వేసి, వాక్యూం పంపుతో గాలి లాగుదురు. కఱ్ఱ రంధ్రములలోని గాలి బుడగలై పైకి వచ్చును. బుడగలు ఆగుటకు కొన్ని గంటలు పట్టును. ఒక్కొకప్పుడు దినమంతయు పట్టును. పిదప పంపు ఆపి గాలిని లోనికి వదలినపుడు ఆ గాలి బరువే ద్రవమును కఱ్ఱలోనికి నెట్టును. పంపు నడచిన కాలమునకు కనీసము రెండింతలు నాననీయవలెను. పైకి తీసి, కారనిచ్చి, ఒక్కొక్క ముక్కను అల్యూమినియము రేకులో చుట్టి, రమారమి 90 నుండి 95 డిగ్రీల వేడిలో కాల్చినచో లోని ద్రవము గట్టిపడును.

వినుటకు ఊరగాయ పెట్టినంత సులభముగా తోచును. ఊరగాయవలెనే యిందును తేమ మిగిలినచో అంతయు చెడును.

ఇక అసలు ప్రశ్న: మన చేతికి వచ్చు కఱ్ఱలలో దేనికి ఈ తంటా కావలెను? మన పొలముల గట్లమీద నున్న చెట్లను తలచుకొనుడు. చింతచేవ, నల్లతుమ్మ చేవ, చండ్ర, తాటిమ్రాని నల్లని వెలిభాగము: వీనికి ఏ రెసినును అక్కఱలేదు. వీని కణములు దట్టమై, రంధ్రములు మూతపడి యుండుటచే, పోసినను లోనికి పోదు. జిట్రేగివంటి నూనెగల చేవ మఱియు మొండిది. లోనికి కొంత పోయినను, దానిలోని సహజ పదార్థములు ఇట్టి ద్రవము గట్టిపడుటకు అడ్డుపడును. పాత టేకు, పనస, వేప చక్కగా ఆఱినచో అట్లే కలములకు సరిపోవును. కూలిన యిండ్ల దూలములు, విఱిగిన నాగళ్లు, పాత బండిచక్రముల యాకులు ఏండ్ల తరబడి ఆఱినవి. వానిని మించిన కఱ్ఱ లేదు. మా యింటి పాత రోకలినుండి చేసిన కలము ఈనాటికిని నా జేబులోనే యున్నది. ఎఱ్ఱచందనము సంగతి యెత్తకుడు. అనుమతి పత్రము లేనిదే ఒక్క తునుకను దగ్గఱ నుంచుకొన్నను చిక్కు తప్పదు. సొంత పొలములోని చెట్టు నఱకుటకును 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ననుసరించి అనుమతి కావలసి యుండునని సభ్యులు మఱవరాదు.

రెసిను నిజముగా కోరునవి కొన్నియే: బూజు గీతలు తేలిన మామిడి, కొబ్బరిమ్రాని మెత్తని లోభాగము, పురుగు తొలిచిన అందమైన బుడిపెలు, పొనికివంటి తేలిక కఱ్ఱ. అందుచేత సభ్యుడు ముందుగా తన కొట్టములో నున్న కఱ్ఱను రెండు కుప్పలుగా వేఱుచేసి చూడవలెను. రెండవ కుప్ప మొదటి కుప్పలో నాలుగవ వంతైనను లేకున్నచో పంపు మాట మఱచుట మేలు. ఏడాదికి నాలుగైదు ముక్కలు మాత్రమే మెత్తబడి యున్నయెడల, తరిణెమీదనే ఆ మెత్తని చోట ఫెవిక్విక్ వంటి పలుచని జిగురును చుక్క చుక్కగా పోసి, గట్టిపడిన పిమ్మట ఉలి ఆడించిన చాలును. ఆవిరి కండ్లకు తగులకుండ చూచుకొనవలెను.

ఇప్పుడు లెక్క. రైతులము గనుక లెక్క లేని మాట మనకు రుచింపదు. పైని చెప్పిన ముక్క ఘనపరిమాణము 46 ఘన సెంటీమీటర్లు. కఱ్ఱ యేదైనను, దాని కణముల గోడల సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు. మిగిలినది ఖాళీ చోటు. నీటిలో పదింట నాలుగు పాళ్ల బరువుగల మెత్తని కఱ్ఱయైనచో, ముక్క బరువు సుమారు 18 గ్రాములు. గోడలు 12 ఘన సెంటీమీటర్లు పోగా 34 ఘన సెంటీమీటర్లు ఖాళీ. ఆ ఖాళీ యంతయు నిండదు గాని, సగము కొంచెము దాటి నిండినను ముక్క బరువు రెట్టింపగును. అనగా తూకమున సగము కఱ్ఱ, సగము ప్లాస్టికు. నీటియంత బరువుగల చేవలోనైనను మూడవ వంతు ఖాళీ యున్నది గాని దానికి ద్వారములు తెఱచి యుండవు.

ఇంతటితో లెక్క ముగియలేదు. పన్నెండు మిల్లీమీటర్ల లావున కలము తీసి, ఏడు మిల్లీమీటర్ల బెజ్జము పోగా, మొదటి చదరపు ముక్కలో మిగులునది ఐదవ వంతు మాత్రమే. తక్కిన నాలుగు వంతులు బరమా పొడిగాను, ఉలి చెత్తగాను నేల రాలును. మనము కొని, నానబెట్టి, కాల్చిన రెసినులో ఐదింట నాలుగు పాళ్లు చీపురు పాలగును! ఎండిన ముక్కను పదునాఱు మిల్లీమీటర్ల లావునకు ముందే గుండ్రముగా తీసి నానబెట్టినచో ద్రవపు ఖర్చు నూటికి నలుబది పైగా తగ్గును; మిక్కిలి కుళ్లిన ముక్క మాత్రము ఆ ముందటి తీతకు నిలువదు. ద్రవము వెల ఎంతయో కనుగొని, ముక్కకు 20 గ్రాముల చొప్పున లెక్క కట్టి, విద్యుత్తును, చెడిపోవు ముక్కలను కలుపుకొని, ఒక కలముపై తనకు మిగులు దానితో పోల్చి చూచుట ఏ సభ్యునికైనను సాధ్యమే. పాత్రలో ముక్కలు మునుగుటకు పోయవలసిన ద్రవము ముక్కలు త్రాగుదానికంటె ఎప్పుడును ఎక్కువ. ఆ నిలువ సొమ్మును గూడ మఱవరాదు. ఒకసారి గట్టిపడు మందు కలిపిన ద్రవమును చల్లని చోటనే దాచవలెను. మన వేసవిలో రేకుల కొట్టము చల్లని చోటు కాదు.

అమ్మువారు చెప్పునట్లు ఇట్లు నింపిన కఱ్ఱ ఇక ఎన్నటికిని కదలదను మాటను నేను నమ్మను. ఈ రకపు రెసిను ముఖ్యముగా కణముల నడిమి ఖాళీలను నింపును. గోడలలోనికి అంతగా చొరదు. తేమకు ఉబ్బి ముడుగునది గోడయే. కావున కదలిక మందగించును గాని నశింపదు. గోడలలోనికి చొచ్చు పదార్థములు వేఱు గలవు. అమెరికాలోని మాడిసన్ పట్టణపు అటవీ వస్తు పరిశోధనాలయమువారు 1930 తరువాతి సంవత్సరములలో ఫినాలు రెసినుతో చేసినది అట్టిది. 1628లో మునిగి 1961లో పైకి తీయబడిన వాసా యను స్వీడను ఓడ కఱ్ఱను పగులకుండ కాపాడుటకు పాలి ఇథిలీన్ గ్లైకాల్ అను మైనమువంటి పదార్థమును 1962 నుండి 1979 వఱకు చల్లవలసి వచ్చెను. పదియేడేండ్లు! అది ఓడ సంగతి. మన కలముల కంతటి యోపిక యక్కఱలేదు గాని, కఱ్ఱ తేమను గెలుచుట ఒక రాత్రి పని కాదని తెలిసికొనుటకు ఈ యుదాహరణము చాలును.

రెసిను పోసినను పోయకున్నను మొదటి మెట్టు ఆఱబెట్టుటయే. ఇక్కడనే మనవారు తప్పు చేయుచున్నారు. నింపక చేయు కలమునకు ముక్కను నీడలో, గాలి యాడు చోట, కొనలకు మైనము పూసి పేర్చవలెను. అంగుళపు మందమునకు ఏడాది యని వడ్రంగులు చెప్పు మాట మోటు లెక్కయే కాని చెడ్డ లెక్క కాదు. నెలకొకసారి తూచి, బరువు తేదీతో సహా ముక్కమీదనే పెన్సిలుతో వ్రాయుడు. తేమ తెలిసికొనుటకు ఒక తునుకను పూర్తిగా కాచి చూడవచ్చును. పచ్చి బరువు 60 గ్రాములు, కాచిన బరువు 50 గ్రాములైనచో తేడా 10. అది 50లో ఐదవ వంతు గనుక తేమ నూటికి 20. ఇది మిక్కిలి యెక్కువ. బెజ్జము వేసిన పిదప గొట్టము అతికింపక రెండు వారములు ఊరక యుంచినచో లోపలి తేమయు పోవును. సముద్రపు గాలి తగులు మన యూరిలో శ్రావణమాసమున చేసిన కలము అనంతపురమునకు పోయినచో అక్కడి పొడిగాలికి ముడుచుకొనును. అమెరికాలో నున్న మన పిల్లలకు పంపినదైనచో, చలికాలమున వెచ్చబెట్టిన గదుల గాలి అంతకంటెను పొడిది. నా పదునొకండు కలములు పగులుటకు కారణము రెసిను లేకపోవుట కాదు. ఈ యోపిక లేకపోవుట.

మన పొరుగుననే యున్న ఏటికొప్పాక పనివారిని చూడుడు. వారు అంకుడు కఱ్ఱను చక్కగా ఆఱబెట్టి, తరిణెపై తిరుగుచుండగనే లక్కకడ్డీని ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టును. పంపు లేదు, పొయ్యి లేదు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. కొండపల్లివారు తెల్లపొనికి వంటి మెత్తని కఱ్ఱనే వాడుచు, దానిని నెమ్మదిగా కాచి తేమ పోగొట్టి, రంగులు వేయుదురు. బొమ్మ వేఱు, కలము వేఱు. కలము దినమంతయు చెమట చేతిలో నుండును. ఆ భేదము నెఱిగియే చెప్పుచున్నాను. లక్క పూసిన అంకుడు కలములు చేసి చూడవలెనని మన సభ్యులలో ఒక్కరికిని తోచకపోవుటయే నాకు వింతగా నున్నది. రాజమహేంద్రవరమున 1932లో ఆరంభమైన రత్నం కలములు ఎబొనైటుతో పేరు పొందినవి. కొనువాడు అచ్చట చూచినది చేతిపనిని, సరకు నమ్మకమును.

నమ్మకమనగా మఱియొక మాట. సగము ప్లాస్టికైన కలమును 'అచ్చమైన మామిడి కఱ్ఱ' యని అమ్ముట నాకు సమ్మతము కాదు. రెసినుతో గట్టిపఱచినదని చీటీ మీద వ్రాయవలెను. ధర కొంత తగ్గిన తగ్గుగాక.

ఇంటిలో ఈ పని పెట్టుకొనువారికి కొన్ని యిబ్బందులు గలవు. వంటకు వాడు పొయ్యిలో రెసిను ముక్కలను కాల్చరాదు. దానికై వేఱొక ఓవెను కొనవలెను. దాని వాసన పిల్లలున్న యింట చేరరాదు. గాజు సీసాలో వాక్యూం పెట్టుట ప్రమాదకరము. సీసా లోనికి కూలి పెంకులు చిమ్మును. తరిణెపై లేచు రెసిను ధూళి ఊపిరితిత్తులకు చెఱుపు. ముక్కునకు గుడ్డ చాలదు, ధూళి నాపు మాస్కు కావలెను. పంపు మాత్రము అపూర్వ వస్తువు కాదు. శీతల యంత్రములను బాగుచేయు మిస్త్రీల యొద్ద నుండునది అట్టిదే. వారి పంపును అడిగి తెచ్చువారు ద్రవము గాని దాని ఆవిరి గాని పంపు నూనెలో చేరకుండ నడుమ ఒక ఖాళీ సీసాను అమర్చవలెను. ఆ సీసాయు మందపు లోహమో, గట్టి ప్లాస్టికో కావలెను. అరకు వైపు సభ్యులకు ఒక సూచన: ప్రతి వేయి యడుగుల యెత్తునకు గేజి సూది ఒక యంగుళము తక్కువ చూపును. సముద్రతీరమున సుమారు 30 చూపవలసినది అచ్చట 27 దాటదు. పంపు చెడినదని తలపకుడు.

ముక్కలను ఇతరులకు పంపి, కూలి యిచ్చి చేయించుకొనవచ్చును గదా యని కొందఱందురు. పెద్ద కర్మాగారములలో వాక్యూముతో పాటు ఒత్తిడియు పెట్టుదురు గనుక నింపుడు మెఱుగు, అది నిజమే. కాని పోను రాను రవాణా, నెలల కాలము, మన ముక్కలు మనకే వచ్చునో రావో యను శంక కలవు. నూఱు ముక్కలకు పైగా ఒక్కసారి పంపగలిగిననే అది గిట్టును.

కావున నా యభిప్రాయమిది. ఒక్క సభ్యుడు అప్పు చేసి యీ సామగ్రిని కొనరాదు. సంఘమే ఒక జత కొని, మన గోదాము వెనుకటి గాలిగల పంచలో నిలిపి, ముక్కకు ఇంత యని రుసుము పుచ్చుకొని, ఎవరి ముక్కలు ఎంత త్రాగినవో పుస్తకములో వ్రాసినచో బాగుండును. అదియు వెంటనే కాదు. తరిణె పట్టు సభ్యులు కనీసము నలుగురు తమ రెండవ కుప్పలను తెచ్చి చూపవలెను. అడిగి తెచ్చిన పంపుతో ఇరువది ముక్కలను ప్రయత్నించి, ముందు బరువు, వెనుక బరువు వ్రాసి, వానితో కలములు చేసి, ఒక వర్షకాలము, ఒక వేసవి గడవనీయవలెను. పగిలినవెన్నియో లెక్కించిన పిమ్మటనే సంఘపు సొమ్మును ముట్టవలెను. యువకుని యుత్సాహమును చల్లార్చుచున్నానని కొందఱు నన్ను నిందింతురు. అతని చేతిపని నాకంటె మేలైనది. అందుచేతనే అతనిని అప్పులో చూచుటకు నాకు మనసొప్పదు.

తుపానునాటి ఆ మామిడి మొద్దులలో ఒకటి ఇంకను మా కొట్టములో నున్నది. దానినుండి ఇరువది నాలుగు ముక్కలు కోసి, తూచి, తేదీలు వ్రాసి యుంచితిని. వచ్చు సమావేశమునకు వానిని తెత్తును. పన్నెండు రెసినునకు, పన్నెండు ఊరక ఆఱుటకు. త్రాసును మాత్రము గ్రాములు చూపునట్టిదానిని ఎవరైనను తేవలెను; నా త్రాసు మిరపకాయలకే గాని కలములకు పనికిరాదు.